నీళ్లల్ల కనవడే రంగు

విజయ పొట్లం విప్పి పసుపుపచ్చ చీరను మంచం మీద పరిచింది. రాజవ్వ దాని వంక చూడలేదు. నూలుకు రంగులద్ది మోచేతుల దాకా నీలం అంటిన చేతులను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, "లాంచికి చుట్టూత గోడలుంటయా?" అని అడిగింది.

"గోడలెందుకుంటయే అవ్వా? అదేమన్న ఇల్లా?"

"మనిషి జర పక్కకు ఒరుగుతే ఎట్ల మరి?"

"ఇనుప కమ్ములుంటయట. నడుముల దాక."

"ఎవల నడుముల దాక?"

విజయ తల పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

సుబేదారిలో సాంబమూర్తి ఆఫీసు ఉంది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు అక్కడ మూటలు కట్టించుకుని సముద్రం దాటి పోతాయి. పోయేముందు ఒక్కోదాని మూలకు లేబుల్ కుట్టేది విజయా, ఇంకో ముగ్గురు ఆడపిల్లలూ. ఇప్పుడు ఆ జంపఖానాలు కొనే దొరలూ దొరసానులూ స్వయంగా వస్తున్నారు. శనివారం సాంబమూర్తి వాళ్లను భద్రాచలం తీసుకుపోయి, పొద్దుగూకేటప్పుడు గోదావరి మీద లాంచి ఎక్కించి, అందులోనే డిన్నర్ పెడతాడు. ఆ డిన్నర్‌కు లేబుళ్ల పిల్లలను నలుగురినీ రమ్మన్నాడు.

"బువ్వ తినేతందుకు నది మీదికి పోవుడేంది? ఒడ్డు మీద కూసుంటే ముద్ద దిగదా?" అంది రాజవ్వ.

మగ్గం గుంటలోంచి ఆమె మొగుడు రాయమల్లు నవ్వాడు. "నువ్వు పోతలేవు గదనే. పిల్ల పోతాంది. పోనియ్యి."

"నేను పోయేదుంటే నాకు ఇంత ఫికరుండకపోవు."

"అవ్వా, జర చీర చూడరాదు. ఆఫీసోల్లే ఇచ్చిండ్రు. నలుగురికీ ఒక్క తీరుగ."

రాజవ్వ అప్పుడు చూసింది. నూలు చీర. పసుపుపచ్చ ఒళ్లు, ఎర్ర అంచు. గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టున్నారు, మడతలు కాగితం లాగా నిలబడి ఉన్నాయి. ఇంకెప్పుడైనా అయితే కొంగు పట్టి చూసి, పోగు లెక్క చెప్పి, అంచు ఏ ఊరి నేతో చెప్పి ఉండేది. ఇప్పుడు ఆమెకు కళ్లముందు ఎర్రటి వరద నీళ్లే కదిలాయి.

"పసుపుపచ్చ వద్దు."

"ఎందుకొద్దు?"

"వానకాలం గోదారి నీళ్లు ఏ రంగుంటయి? మట్టి రంగు. అండ్ల పసుపుపచ్చ పడితే ఏడున్నదో కనవడదు. ఈత వచ్చినోడు దుంకినా దేన్ని చూసి పట్టుకుంటడు?"

విజయ తల్లి వైపు తిరిగింది. "డిన్నర్‌కు ఏం కట్టుకోవాల్నో నేను చెప్తాన్న. నువ్వు పీనుగను ఎట్ల ఎతకాల్నో చెప్తాన్నవు."

"నోరు ముయ్యి. పొద్దుగూకంగ ఏం మాటలవి."

అన్నానికి కూర్చున్నప్పుడు విజయ ఆఫీసులో చెప్పిన మిగతా సంగతులు చెప్పింది. జడ వేసుకోవద్దు, గట్టిగా ముడి వేసుకోవాలి. చేతికి రెండు గాజులకంటే ఎక్కువ ఉండొద్దు. చెప్పులు వద్దు. గోర్లు తీసుకుని రావాలి. ఒక్కో మాటకూ రాజవ్వ తల ఊపింది. ముడి వేస్తే జుట్టు కళ్లకు అడ్డం పడదు. చెప్పులు లేకుంటే కాళ్లు తేలికగా ఆడతాయి. గాజులు తగ్గితే అంత బరువు తగ్గినట్టే.

"గా సారు ఎవలో గని తెలివిగల్లోడే," అంది. ఆ వారంలో ఆమె ఒకరిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

*

మంగళవారం నీళ్ల పంపు దగ్గర బక్కమ్మ దొరికింది. బక్కమ్మ భద్రాచలం పోయి వచ్చిన మనిషి. రాజవ్వ బిందె పక్కకు పెట్టి లాంచి సంగతి అడిగింది.

"నేను ఎక్కలే. ఒడ్డు మీదికెళ్లి చూసిన. ఊగుతది," అంది బక్కమ్మ.

"ఎంత ఊగుతది?"

బక్కమ్మ ఆలోచించి చెయ్యి అటూ ఇటూ ఊపి చూపించింది. 

"ఊగుడుకు ఏం గాదు గని రాజవ్వా, చీర కట్టుకున్న ఆడిది నీళ్లల్ల పడితే మొగోని తీరుగ కాళ్లు కొట్టలేదు. తడిసిన కుచ్చిళ్లు మోకాళ్లకు చుట్టుకుంటయి. గోచి పెట్టి కట్టుకుంటేనే కాళ్లు దేనికది ఉంటయి."

ఆ మాట రాజవ్వకు నచ్చింది. సాయంత్రం విజయ వచ్చి చెంబుతో కాళ్లు కడుక్కుంటుంటేనే అందుకుంది.

"గోచి పెట్టి కట్టుకో."

"నేను పొలంల నాటేసేతందుకు పోతాన్ననా?"

"మా అవ్వ గోచి కట్టే సచ్చేదాక బతికింది. ఏం సిగ్గువడలే."

"మీ అవ్వ దొరసానులతోటి డిన్నర్ చేసిందా?"

"ఒక్క దినం గోచి కడితే ఏం పోతది?"

"ఒక్క దినం నువ్వు ఊకుంటే ఏం పోతది?"

రాయమల్లు మగ్గంలో నాడె విసరడం ఆపి, "రాజవ్వా, గా లాంచి ఇప్పటిదాక ఎన్నిసార్లు మునిగిందో ఎవలనన్న అడిగినవా?" అన్నాడు.

"ఒక్కసారి సుత మునగలేదట. బక్కమ్మ చెప్పింది."

"మరి?"

"గదే నా భయం. ఇంకా మునగలేదు."

అతను మళ్లీ నాడె అందుకున్నాడు. విజయ చెంబు నేల మీద గట్టిగా పెట్టి లోపలికి పోయింది.  బుధవారం పొద్దున డబ్బా కట్టి ఇస్తూ రాజవ్వ, "పోనీ నైలాను చీర కట్టుకో," అంది. విజయ డబ్బా అందుకుని ఆఫీసుకు పోయింది.

నైలాను మాట రాజవ్వ ఊరికే అనలేదు. తొట్టిలోంచి తడి నూలు ఎత్తీ ఎత్తీ ఆమె భుజాలు కాయలు కాచి ఉన్నాయి. పొడి నూలు చిలపల కట్టలు కిలో తూచి నీళ్లలో వేస్తే, బయటికి తీసేటప్పుడు మూడు కిలోలంత బరువు లాగుతాయి. అది ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. నైలాను నీళ్లు పట్టదని కూడా తెలుసు. కానీ ఎంత తేడా ఉంటుందో నోటితో చెబితే ఆ పిల్ల వినదు. తూచి చూపిస్తే వింటుంది.

గురువారం విజయ ఆఫీసుకు పోయాక రాజవ్వ పెట్టెలోంచి పసుపుపచ్చ చీర, నైలాను చీర రెండూ తీసింది. పందిరి గుంజకు వేలాడే తరాజులో పొడిగా తూచి బరువులు గుర్తు పెట్టుకుంది. చిలపలు జాడించే తొట్టిలో నిన్నటి నీలం నీళ్లు పారబోసి, కొబ్బరిపీచుతో గోడలు రుద్ది, మంచినీళ్లు నింపింది. పసుపుపచ్చ చీరను అందులో వేసి అడుగుకు అదిమింది. గంజి కరిగిందాకా, పోగు పోగూ తడిసిందాకా కదలకుండా పట్టుకుంది. మునిగిన మనిషి ఎంతసేపు ఉంటుందో తనకు తోచినంతసేపు పట్టుకుంది.

తీసి తరాజులో వేస్తే పళ్లెం నేలకు కొట్టుకుంది. పొడి బరువుకు రెండున్నర వంతులు. నైలానును కూడా ముంచి తూస్తే ఒకటికి కొంచెం ఎక్కువ.

"ఏమయ్యా, ఇటు రా. ఇగో, కండ్లార చూడు," అని పిలిచింది.

రాయమల్లు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తరాజును చూడలేదు. చీరను చూశాడు.

"రాజవ్వా, గా కొంగు మీద ఏంది?"

కొంగు మీద అరచెయ్యంత మరకలు మూడు. పసుపు మీద నీలం పడి చిలకపచ్చగా మారింది. కుచ్చిళ్ల దగ్గర ఇంకొకటి, పొడుగ్గా. తొట్టి గోడలు రుద్దింది గానీ మూలకు చేరిన మడ్డి అడుగునే ఉండిపోయింది. ఇరవై ఏండ్లుగా రంగులద్దే మనిషి అది మరిచిపోయింది.

రాజవ్వ సబ్బు తెచ్చి రుద్దింది. పోదని తెలుసు. ఆమె వేసిన రంగు పోదనే కొత్తవాడలో ఆమెకు పేరు.

విజయ సాయంత్రం వచ్చి తీగ మీద చీర చూసింది. కేకలు వెయ్యలేదు. కొంగు పట్టుకుని ఒక్కో మరక మీద వేలు పెట్టి చూసింది.

"ఎందుకు తడిపినవు?"

"తూచేతందుకు."

"తూచేతందుకు," అని విజయ మెల్లగా మళ్లీ అంది. "పోయిన నెల పూలమ్మ ఒక్క లేబుల్ తలకిందులు కుట్టిందని ఇంటికి పంపిండు సాంబమూర్తి సారు. ఒక్క లేబుల్ అవ్వా. నేను ఇది కట్టుకపోయి ఏమని చెప్పాలె? మా అవ్వ నన్ను ముందుగాలనే ముంచి చూసింది అని చెప్పాల్నా?"

రాజవ్వకు ఇన్ని రోజులు నది ఒక్కటే భయం. ఇప్పుడు దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. బిడ్డ పని పోతుంది. తన చేతులతో తానే పోగొట్టింది. "రేపు పొద్దుగూకే వరకు నాకియ్యి," అంది.

*

శుక్రవారం రాజవ్వ ఇంకే పనీ ముట్టుకోలేదు. మరక పడ్డ బట్టను మళ్లీ పాత రంగుకు తేలేరు, బట్టంతా మరక రంగులోకి తేవడం ఒక్కటే దారి. పొయ్యి మీద పెద్ద కాగులో నీళ్లు కాచింది. నీలం పొడిని చిన్న గిన్నెలో మెదిపి, గుడ్డలో వడకట్టి పోసింది. చిటికెన వేలు ముంచి గోడ మీద గీసి చూసింది. ఇంకొంచెం పోసింది. చీరను ముందు మామూలు నీళ్లలో తడిపి, పిండి, ఒక్క మడత కూడా లేకుండా విప్పి కాగులోకి దించింది. రెండు కర్రలతో తిప్పుతూనే ఉంది. చెయ్యి ఆగితే రంగు చారలు కడుతుంది. పొగకు కళ్లు మండినా, బయట బక్కమ్మ పిలిచినా ఆగలేదు.

పసుపు మెల్లగా లేత ఆకు రంగుకు, అక్కడినుంచి ముదురు ఆకు రంగుకు దిగింది. ఎర్ర అంచు వంకాయ రంగుకు తిరిగింది. అది ఆమె అనుకోలేదు. నీడలో ఆరేసి, దూరం పోయి చూసింది. మరకలు ఎక్కడున్నాయో ఆమెకే తెలియలేదు.

గంజి పలచగా పెట్టింది. బరువు తగ్గుతుంది.

విజయ సాయంత్రం వచ్చి చీర చుట్టూ తిరిగి చూసింది. బాగుందని అనలేదు. అంచును వేలి మీద వేసి వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "నలుగురిల నేనొక్కదాన్ని వేరే రంగు. సారు ఏమంటడో."

"మట్టినీళ్లల్ల ఆకుపచ్చ మంచిగ కనవడతది," అంది రాజవ్వ.

విజయ ముఖం తిప్పుకుంది. కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో తెలియలేదు.

శనివారం పొద్దున బయలుదేరేటప్పుడు రాజవ్వ ఒక డాల్డా డబ్బా తెచ్చి సంచిలో పెట్టింది. నిండా మురుకులున్నాయి.

"అక్కడ డిన్నర్ పెడతరు గదనే."

"తొవ్వల తినుండ్రి. అన్ని తినుండ్రి, ఒక్కటి మిగలనియ్యకుండ్రి. లాంచి ఎక్కకముందుగాల మూత గట్టిగ పెట్టు. ఖాళీ డబ్బ సంచిలనే ఉండనియ్యి. సంచి భుజానికే ఉండనియ్యి."

ఆ డబ్బా నీళ్లలో తేలేందుకని విజయకు అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. "ఓ బాపూ," అని మగ్గం వైపు పిలిచింది.

"తీస్కపో బిడ్డా," అన్నాడు రాయమల్లు గుంటలోంచి. "తీస్కపోతలేవంటే ఇంకో డబ్బ తెత్తది."

*

ఆదివారం మధ్యాహ్నం విజయ వచ్చేదాకా రాజవ్వ నోట్లో మెతుకు పెట్టలేదు. పిల్ల గడప దాటగానే తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. చీర తడవలేదు. డబ్బా సంచిలోనే ఉంది.

"ఊగిందా?"

"ఊగింది."

"కమ్ములు నడుముల దాక ఉన్నయా?"

"ఉన్నయి అవ్వా. ఏం కాలే. పోయి అన్నం తిను."

అన్నదే గానీ విజయ లోపలికి పోలేదు. మగ్గం పక్కన నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. రాయమల్లు నాడె ఆపాడు.

"డిన్నర్‌కు ఏం పెట్టిండ్రు బిడ్డా?"

"నేను తినలే బాపూ."

ఆమె ఒక్కో ముక్కే చెప్పింది. బస్సు దగ్గర సారు ఆకుపచ్చ చీర చూసి పళ్లు కొరికాడు. మార్చడానికి ఇంకో చీర లేదు, దొరలు కార్లలో కూర్చుని ఉన్నారు. ఎవరికీ కనబడకుండా వెనుక ఉండమన్నాడు. లాంచి ఎక్కాక పసుపు చీరల ముగ్గురినీ కిందికి పిలిచి, చేతులకు గిన్నెలూ గరిటెలూ ఇచ్చాడు.

"గరిటెలెందుకు?" అంది రాజవ్వ.

"వడ్డించేతందుకు. మమ్ముల పిలిచింది డిన్నర్‌కు కాదవ్వా. డిన్నర్ వడ్డించేతందుకు."

రాజవ్వ ఒక్కోటి గుర్తు చేసుకుంది. గట్టి ముడి. వెంట్రుక పళ్లెంలో పడొద్దని. రెండే గాజులు. గిన్నెకు తగిలి చప్పుడు కావద్దని. కాళ్లకు చెప్పులొద్దు. గోర్లు. ఒక్కోదానికి తాను తల ఊపింది. తెలివిగల్లోడే అన్నది.

"నేను ఎనుక కమ్ముల కాడ నిలవడ్డ. ఒక దొరసాని వచ్చి నా అంచు పట్టుకొని చూసింది. గీ రంగు ఎవలేసిండ్రు అని అడిగింది, పక్కనున్నాయన తెలుగుల చెప్పిండు. మా అవ్వ అన్న. ఆమె నా చెయ్యి పట్టుకొని తీస్కపోయి బల్ల కాడ పక్క కుర్చీల కూసుండవెట్టింది. నేను గూడ పిలిచినోల్లల్ల ఒకదాన్ననుకున్నది. సారు అంతమందిల ఏమంటడు? నవ్విండు. లేవద్దని కండ్లతోటి చెప్పిండు."

"మరి తినకపోతివి?"

విజయ చీర అంచు వేలికి చుట్టుకుని విప్పింది. "సారలమ్మ వడ్డించుకుంట వచ్చింది. వరసల నా దాక వచ్చింది. రోజు నా పక్క పొంటి కూసొని లేబుల్ కుడతది, నా డబ్బలకెళ్లి తొక్కు తీసుకొని తింటది. నా దిక్కు చూడలే. అన్నం పెట్టి, ఇంక పెట్టాల్నా మేడం అన్నది."



"నేను తెలిసినట్టు మాట్లాడద్దని వాళ్లకు సారు చెప్పిండట. ఒడ్డుకొచ్చినంక వాళ్లకు తినేతందుకు ఏం మిగలలే. బస్సుల నీ మురుకులే నలుగురం తిన్నం. సారలమ్మ గూడ తిన్నది. కని మాట్లాడలే."

"సారు ఏమన్నడు?"

"సోమవారం వచ్చి మాట్లాడు అన్నడు."

రాజవ్వ చెయ్యాల్సిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. అన్నీ నీళ్ల గురించినవే, ఇప్పుడు ఒక్కటీ పనికిరాలేదు. లేచి పోయి అన్నం వడ్డించుకొచ్చి బిడ్డ ముందు పెట్టింది. తానూ పక్కన కూర్చుంది.

*

సోమవారం పొద్దున రాజవ్వ పొయ్యి రాజేస్తుంటే వాకిట్లో సారలమ్మ నిలబడి ఉంది. చంకలో ఏదో మూట. విజయ తల దువ్వుకుంటున్నది ఆగిపోయింది. 

"ఏం మేడం, ఇంకా తయారు గాలే?" అంది సారలమ్మ.

విజయ దువ్వెన ఆమె మీదికి విసిరింది. సారలమ్మ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. మూట తెచ్చి రాజవ్వ ముందు విప్పింది. మూడు పసుపుపచ్చ చీరలు.

"నాది, మొగిలమ్మది, చిలుకమ్మది. పైనెల సాగర్ల మళ్ల ఉన్నదట పెద్దమ్మా, లాంచి. ఇంకో దేశం నుంచి ఇంకొందరు వత్తాండ్రట. నీ బిడ్డ చీరకు ఏసిన రంగు వీటికి గూడ ఎయ్యి."

"సారు ఊకుంటడా?" అంది రాజవ్వ. "ఒక్కదాని పనికే దిక్కు లేదు. నలుగుర్ని తీసేత్తే ఎట్ల? మీ అవ్వలు నన్ను తిడుతరు."

"నలుగుర్ని తీసేత్తే లేబుల్లు ఎవలు కుడుతరు? మూటలన్ని గట్లనే ఉన్నయి, బుధవారం లారి వత్తాంది. పూలమ్మను సుత మళ్ల పిలుత్తడు, చూడు. ఇయ్యాల మేం విజయ ఎంబడి లోపలికి పోతానం. ఒక్కదాన్ని మాట్లాడనియ్యం."

రాజవ్వ చీరలను చూసింది. కొంగుల మీద పసుపు కూరల మరకలు, ఒకదాని మీద చారు పడిన పెద్ద చుక్క. కాగులో నీళ్లు సన్నగా మరగడం మొదలుపెట్టాయి. ఆమె నీలం పొడి డబ్బా అందుకుంది, మూత తియ్యకుండానే మళ్లీ కింద పెట్టింది.

"గా రంగు ఎయ్య."

ఇద్దరు పిల్లలూ ఆమె వైపు చూశారు.

"నలుగురికీ ఆకుపచ్చ ఏత్తే మళ్ల నలుగురు ఒక్క తీరుగనే ఉంటరు. మళ్ల గరిటెలే ఇత్తడు. పసుపు మీద ఎరుపు ఏత్తే ఇటుక రంగు వత్తది. రెండు కలిపి ఏత్తే కాఫీ రంగు. నలుపు జర ఏత్తే పెసర రంగు. ఎవలకు ఏది కావాల్నో చెప్పు."

సారలమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆలోచించింది. పెళ్లి చీర ఎంచుకుంటున్నంతసేపు ఆలోచించింది. "నాకు కాఫీ రంగు."

"అది వద్దు. నీళ్లల్ల కనవడదు."

"అవ్వా," అంది విజయ.

"మరి ఇటుక రంగు?" అంది సారలమ్మ.

"అది సుత మట్టి తీరుగనే ఉంటది. సరే గని, కమ్ములకు దూరం కూసుంటనంటే ఏత్త."

రాజవ్వ ఎరుపు డబ్బా తీసింది. పొడి మెదిపి, వడకట్టి, కాగులో పోసింది. సారలమ్మ చీరను తడిపి, పిండి, విప్పి రంగులోకి దించింది. చీర మధ్యలో గాలి చిక్కుకుని బుడగలా పైకి లేచింది. కర్రతో అదిమితే ఇంకో పక్కన లేచింది. విజయ, సారలమ్మ అప్పటికే వీధి మలుపు దాకా పోయారు. మొగిలమ్మ, చిలుకమ్మ అక్కడ నిలబడి ఉన్నారు. నలుగురూ కలిసి బస్సు వైపు తిరిగారు.

రాజవ్వ కర్ర పైకి ఎత్తి పట్టుకుని, చీర ఎంతసేపు తేలుతుందో చూస్తూ నిలబడింది.